అత్తమ్మ దగ్గుకి మేం పెట్టిన పేరు

బుచ్చయ్యపేట,
22 జనవరి 2026.

ఒసే నూకరత్నం,

భోగి నాడు నువ్వు ఫోన్ చేసినప్పుడు మనం పావుగంట మాట్లాడుకున్నాం. ఆ పావుగంటలో మీ ఆయన, అదే అన్నయ్య, నీ వెనకాల పదకొండు సార్లు దగ్గాడు. నువ్వు మనవడి ముచ్చట్లు చెబుతుంటే నేను వేళ్ల మీద ఆ దగ్గులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎన్నాళ్ల నుంచే అని అడిగితే, "కార్తీకం నుంచీ ఉంది. టైల్స్ దుమ్ము దగ్గేలే, కొత్తదేం కాదు. మీ దొడ్లో అడ్డసరం ఆకు, నాలుగు కరక్కాయలు పంపించు, ఇక్కడ దొరకవు" అన్నావు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అని, పెట్టేశాక మర్చిపోతావు. కాగితమైతే ఇంట్లో ఉంటుంది, అన్నయ్య చేత కూడా చదివించొచ్చు. అందుకే పార్శిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను. ముందు ఇది చదువు, తర్వాత బెల్లం విప్పు.

మన వైపు దగ్గుకి ఇంటిపేరు పెట్టేస్తాం, గమనించావా? చుట్ట కాల్చేవాళ్లది చుట్ట దగ్గు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లది పొయ్యి దగ్గు. బెల్లం వండేవాళ్లది పాకం పొగ దగ్గు. పుష్యమాసంలో వస్తే మంచు దగ్గు. ఆటో నడిపే కుర్రాళ్లకైతే బీఎన్ రోడ్డు దుమ్ము దగ్గు. ఒకసారి పేరు పెట్టాక ఇక దాని మొహం ఎవరూ చూడరు. ఆ పేరు అబద్ధం కాదు, నిజమే. దాని వెనకాల ఇంకోటి దాక్కుని ఉంటే మాత్రం కనపడనివ్వదు. ఇది నాకు మా ఇంట్లోనే తెలిసింది. నీకు ఇన్నాళ్లూ పూర్తిగా చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

2024 దసరాలకి అత్తమ్మకి దగ్గు మొదలైంది. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా, పెళ్లై వచ్చిన నాటి నుంచీ అడ్డపొగే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నాట్లేసిన మనిషి. గాలికి ఆరిపోదు, పనికి అడ్డం రాదు అనేది. చిన్నప్పుడు మనిద్దరం అది చూసి నోళ్లు వెళ్లబెట్టేవాళ్లం. అందుకని ఆవిడ దగ్గుతుంటే మా ఇంట్లో అందరం ఒకటే మాట అనుకున్నాం, చుట్ట దగ్గు అని. నేను ఆశా కార్యకర్తని. రోజూ పొద్దున్నే ఎవరింట్లోనో గుమ్మం దగ్గర నిలబడి, "రెండు వారాలు దాటి దగ్గుంటే కళ్లె పరీక్ష చేయించుకోండమ్మా" అని చెప్పి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి అత్తమ్మకి మిరియాల కషాయం కాచి ఇచ్చేదాన్ని. మూడు నెలలు, నూకా. మూడు నెలలు నా వంటింట్లో దగ్గుతున్న మనిషికి నేనా మాట చెప్పలేదు.

మధ్యలో మా ఆయన ఆవిణ్ణి వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎవరని అడక్కు, మంచి మనసున్న మనిషే. ఒక ఇంజెక్షను, రెండు రకాల బిళ్లలు, ఒక సీసా మందు ఇచ్చాడు. రెండు రోజుల్లో ఆవిడ లేచి కూర్చుంది, ఆకలి వేసింది, దగ్గు సగం తగ్గింది. మేమంతా సంతోషించాం. పదిరోజులకి మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ అదే చీటీ, అవే బిళ్లలు. తర్వాత మన పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరమ్మ ఆ చీటీ చూసి విడమర్చి చెప్పింది. ఆ బిళ్లల్లో ఒకటి స్టెరాయిడ్. అది లోపలి మంటని చల్లార్చి బాగైనట్టు చూపిస్తుంది, ఈలోగా రోగాన్ని ఎదుర్కొనే బలాన్ని తగ్గించేస్తుంది. రెండోది లీవోఫ్లాక్సాసిన్. అది టీబీ క్రిమిని కూడా కొంచెం కొడుతుంది, కానీ పూర్తిగా చంపదు. దానివల్ల కొన్నాళ్లు దగ్గు తగ్గుతుంది, పరీక్షలో దొరకాల్సింది దొరక్కుండా పోతుంది, రోగం వారాలకి వారాలు వెనక్కి జరుగుతుంది. "దగ్గుకి యాంటీబయాటిక్ వాడే ముందు కళ్లె చూడాలి" అని ఆవిడ అన్న మాట నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఏ రోజున నాకు తెలివొచ్చిందో చెబుతాను. ధనుర్మాసంలో ఒక సాయంత్రం అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన చుట్టల కట్ట విప్పకుండా ఉంది. ఏం అత్తా, కాల్చవా అన్నాను. "దాని మీదకి పోట్లేదే గుంటా, మానేసి ఇరవై రోజులౌతంది" అంది. చెయ్యెత్తి చూపిస్తే గాజులు మోచేతి దాకా జారాయి. అదే క్షణాన నా గుండె గుభేలుమంది. చుట్ట మానేసి ఇరవై రోజులైతే చుట్ట దగ్గు ఇంకా ఎందుకుంది? అప్పటిదాకా నేను అడగనివన్నీ ఆ రాత్రి అడిగాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా? పడుతోంది. రాత్రి చెమటకి రవిక తడుస్తోందా? తడుస్తోంది. నెత్తురు పడిందా? లేదు. ఆ లేదన్న మాట పట్టుకునే ఆవిడ ధైర్యంగా ఉంది. "దేవదాసు సినిమాలో నాగేశ్వరరావులాగ నెత్తురు కక్కితే కదే ఆ రోగం" అంది. 1953 నాటి సినిమా ఇప్పటికీ మనవాళ్లకి అలా మనసులో ఉండిపోయింది. నెత్తురు పడని టీబీ ఎంతోమందికి ఉంటుంది. నెత్తురు పడేదాకా ఆగితే ఊపిరితిత్తుల్లో అప్పటికే గుంటలు పడి ఉండొచ్చు.

మర్నాడు కళ్లె డబ్బా తెచ్చాను. ఎన్ని డబ్బాలు మోశానో లెక్కలేదు, కానీ సొంత మనిషి చేతికి ఇచ్చినప్పుడే అది ఎలా ఇవ్వాలో సరిగ్గా తెలిసింది. మొదటిరోజు ఆవిడ గబుక్కున ఉమ్మి, ఇదిగో అంది. అది ఉమ్మి, నీళ్లలాగ పల్చగా ఉంది. దాంతో పరీక్ష చేస్తే ఏమీ తెలియదు. రెండోరోజు తెల్లారకముందే లేపాను. పళ్లు తోమకుండా ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించమన్నాను. గదిలో కాదు, పెరట్లో, గాలి తగిలే చోట నిలబెట్టాను. గుండెల నిండా ఊపిరి పీల్చి వదలమన్నాను, మళ్లీ పీల్చమన్నాను, మూడోసారి లోపల్నుంచి దగ్గించాను. చిక్కగా, పచ్చగా, చెంచాడు పడింది. మూత గట్టిగా బిగించి, పేరు డబ్బా పక్కన రాశాను. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు మనుషులు మారిపోతారు. అది సంచిలో నిలువుగా పెట్టుకుని మంచులో నడుస్తుంటే నా కాళ్లు వణికాయి.

ట్రూనాట్ అనే మిషన్ మీద చూశారు. గోవాలో తయారయ్యే మన దేశపు మిషనే అది. కళ్లెలో టీబీ క్రిమి జన్యువు ఉందో లేదో గంటా రెండు గంటల్లో చెప్పేస్తుంది, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ఉంది, లొంగుతుంది అని వచ్చింది. ఈ రెండో మాట విన్నాక నేను పీహెచ్‌సీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అది సంతోషమో భయమో ఇప్పటికీ చెప్పలేను.

అత్తమ్మ అడిగిన మొదటి మాట, "నన్ను వాల్తేరు పంపేస్తారా?" అని. ఆవిడ చిన్నతనంలో క్షయ వచ్చినవాళ్లు పెదవాల్తేరు ఆసుపత్రికో, మదనపల్లె శానిటోరియానికో వెళితే మళ్లీ ఇంటి మొహం చూసేవారు కారని ఒక భయం. శిక్షణలో మాకు చెప్పిన సంగతి ఆవిడకి చెప్పాను. 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టి, కొందరు రోగుల్ని శానిటోరియంలోనూ, కొందర్ని పేటల్లోని సొంత ఇళ్లల్లోనూ ఉంచి ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా వాళ్లతో సమానంగా బాగుపడ్డారు. ఇంట్లోవాళ్లకి అంటడం కూడా ఎక్కువేం కాలేదు. ఎందుకంటే అప్పటికే మందులు పడ్డాయి, క్రిమి పల్చబడింది. ఇవాళ ప్రపంచమంతా టీబీకి ఇంట్లో ఉంచి వైద్యం చేస్తోందంటే మన మద్రాసు పేదవాళ్ల ఇళ్లే దానికి దారి చూపించాయి. అది విని ఆవిడ కొంచెం కుదుటపడింది. అయినా తన కంచం, చెంబు తీసి వేరే మూల పెట్టుకుంది. నేను వాటిని తీసుకెళ్లి మా కంచాల మధ్య పెట్టాను. అది గాలిలో వచ్చేదే కానీ కంచంలో వచ్చేది కాదు అత్తా, నువ్వు దగ్గేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకో, పడకగది కిటికీ రాత్రంతా తీసి పెట్టు, అది చాలు అన్నాను.

ఆరు నెలల మందు. ఆవిడ బరువు ముప్పై ఎనిమిది కిలోలు, ఆ లెక్కన రోజుకి మూడు బిళ్లలు, ఒకేసారి. మొదటిరోజే మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి కెవ్వుమంది. రిఫాంపిసిన్ రంగు అది, భయం లేదని ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. మూడోవారంలో వాంతులు పట్టుకున్నాయి, మానేస్తానంది. మానిపించకుండా, ఓర్చుకోమని కూడా అనకుండా డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా ఆ రోజే రావాలి, మన ఇష్టానికి మాత్రం ఒక్క రోజు ఆపకూడదు అని చెప్పి రక్తపరీక్ష చేయించింది, మందు వేసుకునే వేళ మార్చింది. సుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు ప్రతి టీబీ మనిషికీ చేస్తారు, ఆవిడకీ చేశారు. సుగర్ ఉందని అప్పుడే తెలిసింది. బ్యాంకులో నెలకి వెయ్యి రూపాయల లెక్కన తిండికి డబ్బులు పడ్డాయి. 2018లో ఆ పథకం మొదలైనప్పుడు ఐదొందలు ఉండేది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆ డబ్బుతో గుడ్లు, వేరుశనగలు, పప్పు. జూలైలో మందు అయిపోయేసరికి నలభై మూడు కిలోలు తూగింది.

మా పెద్దమ్మాయి కొడుకు, నాలుగేళ్ల వాడు, ఆ మూడు నెలలూ ఆవిడ పక్కలోనే పడుకున్నాడు. ఈ మాట రాయడానికి చెయ్యి ఆడట్లేదు. వాడికి రోగం లేదని తేలాక, రాకుండా ఉండేందుకు ఆరు నెలలు ఐసోనియాజిడ్ బిళ్ల వేశాం. వాడు ఆడుకుంటున్నాడు, బాగున్నాడు. ఆ మూడు నెలల్లో ఏ రోజు డబ్బా తెచ్చినా వాడికా ఆరు నెలల బిళ్లలు తప్పేవేమో అని మాత్రం అనిపిస్తూ ఉంటుంది.

టీబీ పోయాక కూడా అత్తమ్మకి మెట్లెక్కితే ఆయాసం పోలేదు. ఇక్కడ చుట్టది, పొయ్యిది నిజంగా వాటా ఉంది. యాభై ఏళ్ల పొగకి ఊపిరి గొట్టాలు సన్నబడిపోయాయి. పీల్చే మందు ఇచ్చారు. అలవాటైపోతుంది, చివరి మందు అది అని వీధంతా ఆవిణ్ణి భయపెట్టారు. అలవాటు కాదే అది. మాత్ర అయితే ఒళ్లంతా తిరిగి వస్తుంది, ఇది పిసరంత మందు నేరుగా ఊపిరితిత్తికే వెళుతుంది. ప్లాస్టిక్ బుడ్డి తగిలించి పీల్చడం నేనే నేర్పాను. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, అది మర్చిపోతే నోట్లో తెల్లగా పూస్తుంది.

అడ్డపొగ మాటకొస్తే, శిక్షణలో ఒక డాక్టరు గారు చెబితే నేను నోరు తెరుచుకుని విన్నాను. డెన్మార్కు నుంచి పిండ్‌బోర్గ్ అనే ఆయన, మన దేశపు డాక్టర్లు కలిసి మన వైపు శ్రీకాకుళం జిల్లా ఊళ్లు తిరిగి, 10,169 మంది నోళ్లు తెరిపించి అంగిళ్లు చూశారట. 1971లో అది అచ్చయ్యింది. నిప్పు లోపల పెట్టుకునేవాళ్లకి అంగిట్లో మచ్చలు, కాన్సరు వస్తాయని ప్రపంచానికి మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ల నోళ్లే చెప్పాయి. ఆ రోజే ఇంటికొచ్చి టార్చిలైటు వేసి అత్తమ్మ అంగిలి చూశాను. తెల్లగా, మధ్యలో ఎర్ర చుక్కలతో ఉంది. పళ్ల డాక్టరుకి చూపించాం, ఆరు నెలలకోసారి రమ్మన్నారు. మీ అమ్మ కూడా కాల్చేది కదా. ఊరొచ్చినప్పుడు ఆవిణ్ణి నా దగ్గరికి పంపు.

ఇప్పుడు మన పొలాల్లో బెల్లం పొయ్యిలు రాజుకున్నాయి. మా ఆయన తెల్లవారుజామున వెళ్లి పెనం దగ్గరుంటాడు, పొయ్యిలో పిప్పి ఎగదోసే కుర్రాడు మొహానికి తువ్వాలు చుట్టుకుని రోజంతా ఆ పొగలో ఉంటాడు. వాడి దగ్గు కూడా నేను వింటున్నాను. పిప్పి సంగతి నీకు తెలియదేమో. తడిసి, బూజు పట్టి, నెలల తరబడి కుప్పలో మగ్గిన పాత పిప్పిని కదిలిస్తే లేచే దుమ్ము పీల్చినా ఊపిరితిత్తులు వాస్తాయట. అమెరికాలో చెరకు పండే లూసియానాలో మొదట గుర్తించారు, దానికి పిప్పి పేరు మీదే పేరు పెట్టారు. అందుకే ఈసారి పిప్పి ఎండలో బాగా ఆరబోయించి, గాలి వచ్చే వైపు నిలబడి తొయ్యమని చెప్పాను. ఆ కుర్రాడి కళ్లె కూడా మొన్న బుధవారం ఇచ్చాను. ఏమీ లేదు. లేదని తెలిసినా మనసు ఎంత తేలికపడిందో!

ఇక అన్నయ్య మాట. టైల్స్ కోసే దుమ్ము ఊరికే దుమ్ము కాదు నూకా. గ్రానైటులో, టైల్స్‌లో ఉండే సిలికా పొడి ఊపిరితిత్తిలో దిగితే మళ్లీ బయటికి రాదు. లోపల మచ్చలు కడుతుంది, దాన్ని కరిగించే మందు లేదు. పైగా అలాంటి ఊపిరితిత్తికి టీబీ చాలా తొందరగా అంటుకుంటుంది. అంటే "దుమ్ము దగ్గే" అన్న నీ మాట పూర్తిగా నిజమైనా, అప్పుడే మరీ పరీక్ష చేయించాలి. కార్తీకం నుంచంటే రెండు నెలలు దాటింది. రెండు వారాలకే చూడాలని మేం ఊరంతా చెప్పుకు తిరుగుతాం.

మీరుండేది మూసాపేట. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మీకు పక్కనే, సర్కారుదే. అంతదూరం కూడా వద్దంటే మీ బస్తీ దవాఖానాలో కళ్లె పరీక్ష కావాలని అడుగు. కళ్లెతో పాటు ఎక్స్‌రే తియ్యమను, రాళ్ల దుమ్ములో పనిచేస్తాడని నోరు విప్పి చెప్పు. ఆ మాట చెప్పకపోతే వాళ్లకి తెలియదు. ఒకవేళ ఉందని తేలినా గాభరా పడకు. నిక్షయ్ నంబరు ఇస్తారు, పని మానేసి ఇక్కడికి వచ్చేసినా ఆ నంబరు మీదే ఇక్కడ మందులు నేనిస్తాను. కూలి పోతుందని ఆగుతాడని నాకు తెలుసు. ఒక్క పూట కూలి నేను పంపిస్తాను, నిజంగా. పనిలో నీళ్లు చిమ్మే మిషన్‌తో కొయ్యమను, పొడిగా కొయ్యొద్దు. తువ్వాలు ఆ దుమ్ముని ఆపదు, ఎన్95 మాస్కు కట్టుకోవాలి. ఆ బట్టలు బయటే విప్పి తడిపెయ్యి, ఇంట్లో దులపకు.

నీకు రాత్రిళ్లు గొంతులో గరగర, పొడి దగ్గు అన్నావు కదా. నీ బీపీ బిళ్ల అట్ట మీద పేరు చూడు. ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాగ చివర ప్రిల్ అని ఉంటే, కొందరికి అదే పొడి దగ్గు తెస్తుంది. నీ అంతట నువ్వు మానకు, అట్ట పట్టుకెళ్లి డాక్టరుకి చూపిస్తే వేరే రకం రాస్తారు. అయినా ఇదీ నేను పెడుతున్న ఇంకో పేరే, అందుకని అన్నయ్యతో పాటు నీ కళ్లె కూడా ఇవ్వు. ఒకే గదిలో పడుకునేవాళ్లు మీరు.

మనవడికి షాపులో అడిగి దగ్గు మందు పట్టకు. మొన్న అక్టోబరులో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఏం జరిగిందో టీవీలో చూశావు కదా. దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి, మూత్రపిండాలు పోయి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు వద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా అవసరమే లేదనీ అప్పుడు కేంద్ర ప్రభుత్వం చెప్పింది. వాడికి ఏడాది నిండింది కాబట్టి చెంచాడు తేనె నాకించు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆసుపత్రికి పరిగెత్తు. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పిల్లాణ్ణి వంచి ఆవిరి పట్టకు. గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లల్ని నేను చూశాను.

అడ్డసరాన్ని నేను తీసిపారెయ్యట్లేదే. ఈవేళ డాక్టర్లు రాసే బ్రోమ్‌హెక్సిన్ మందు ఆ ఆకులోని సారాన్ని చూసి తయారుచేసిందే, మన పెద్దవాళ్లు ఊరికే తాగలేదు. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే గొంతు గరగర తగ్గుతుంది, అది నాకూ తెలుసు. కానీ నిరుడు నేను కాచిన కషాయం ప్రతి గ్లాసూ అత్తమ్మకి ఒక రోజు హాయినిచ్చి, ఒక రోజు ఆలస్యం చేసింది. మళ్లీ నా చేత్తో ఆ పని చెయ్యలేను.

పార్శిల్లో రెండు కిలోల కొత్త బెల్లం ఉంది, నిన్న వండిందే, నురగ తీసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. అత్తమ్మ మీ మనవడికని నువ్వుండలు కట్టింది. మూత బిగించే కళ్లె డబ్బా కూడా ఒకటి పెట్టాను, అక్కడ వాళ్లూ ఇస్తారనుకో. దాని పక్కన అన్నయ్య పేరు నేనే రాశాను. ఆకు, కాయలు కోసి, ఆరబెట్టి, సంచి కట్టి దూలానికి వేలాడదీసి ఉంచాను. అన్నయ్య కళ్లె ఇచ్చిన చీటీ ఫొటో ఫోన్లో కనపడిన రోజు సాయంత్రం బస్సుకి వేస్తాను.

నీ
సత్యవతి